రెండో బొత్తాం

బొమ్మ ఏనుగు తొండం ఎత్తాలంటే మనవరాలు ఎంత యాతన పడాలో ఆ గదిలో అమ్మమ్మకొక్కదానికే పూర్తిగా తెలుసు. ముందు భుజం కదులుతుంది. భుజంతోపాటు మెడ అటుపక్కకి వాలిపోతుంది. నోరు కాస్త తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఎప్పటికో ఎడమ పిడికిలి, కుర్చీకి బిగించిన పలక మీదనుంచి బెత్తెడు లేచి, గాలిలో తచ్చాడి, దారి తప్పి, మళ్ళీ దారి పట్టి, చివరికి ఎర్ర బొత్తాం మీద దబ్బున పడుతుంది. సాసరంత బొత్తాం అది. దానికో తీగ, తీగ చివర ఏనుగు. ఏనుగు తొండం ఎత్తి ఘీంకరిస్తుంది.

చూపు ఆనని ముసలిది సూదిలో దారం ఎక్కించినంత సేపు పడుతుంది ఇదంతా. కానీ ఎక్కుతుంది. ఎక్కిన ప్రతిసారీ పిల్ల మొహం చూడాలి! ఎనిమిదేళ్ళది, మాట లేదు, నడక లేదు, తన చేత్తో ఒక ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అలాంటిది ఒక ఏనుగుని లేపింది. ఊరికే ఉంటుందా? కళ్ళతోనే గది నాలుగు మూలలూ తిరిగి, ‘చూశారా లేదా’ అని అందరినీ ఒక్కొక్కరినే అడిగి వస్తుంది.

అందుకే అమ్మమ్మ దాన్ని దొరసాని అంటుంది. "కూర్చున్నచోటునుంచి కదలదు, అందరిచేతా చాకిరీ చేయించుకుంటుంది. దొరసాని కాక మరేంటి?"

ఆ సోమవారం మాత్రం గదిలో సూదీదారం ఓపిక ఉన్నవాళ్ళెవరూ లేరు. వీడియో తీసే అతను లైటు స్టాండు ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ జరిపాడు. గడియారం చూసుకున్నాడు. "ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు. ఆటల టీచర్, చిన్నపిల్ల, కొత్తగా చేరింది, "వస్తోంది సార్, చెయ్యి లేస్తోంది చూడండి," అంది. లేచిన చెయ్యి ఆ గొంతులన్నీ విని బెదిరి వెనక్కి పోయింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పెద్ద మేడమ్ నవ్వుతూనే ఉంది.

ఇలాంటి పిల్లలకి శిక్షణ ఇచ్చే ఆ కేంద్రం పెద్ద మేడమ్‌దే. ఎవరిమీదా గొంతెత్తి ఎరగదు. మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళ మోచెయ్యి మెల్లగా పట్టుకుంటుంది. ఆమె పట్టుకున్న మోచెయ్యి ఎందుకో సాయంత్రందాకా చల్లగా ఉన్నట్టుంటుంది అమ్మమ్మకి.

"పెద్దమ్మగారూ, ఒకసారి నా గదికి వస్తారా?"

అమ్మమ్మ చేతిలో చొక్కా పక్కన పెట్టి లేచింది. పిల్ల ఆడుకున్నంతసేపూ బల్ల మీద కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుట్టడం ఆవిడ అలవాటు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ విభాగంలో పనిచేస్తుంది, అక్కడినుంచి తెచ్చే పనే.

మేడమ్ గదిలో గోడనిండా ఫోటోలు. అందరూ నవ్వే పిల్లలే. వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. లేరంటే పోయారని కాదు, రావడం మానేశారు. ఎందుకు మానేశారో ఎవరూ చెప్పరు. ఒకరోజు గోడమీద కొక్కేనికి సంచీ ఉంటుంది, మర్నాడు ఉండదు. మొన్ననే రెండు జడల రిబ్బన్ల పిల్ల కొక్కెం ఖాళీ అయింది. దాని కింద అంటించిన పేరు కాగితాన్ని ఎవరో గోటితో గీకేశారు, జిగురు మరక మాత్రం మిగిలింది.

"శనివారం పెద్దవాళ్ళు వస్తున్నారు. ఈ కేంద్రం నడవాలా వద్దా అని తేల్చేది వాళ్ళే," అంది మేడమ్. "మీ పాప తెలివైనది. నాకు తెలుసు, మీకు తెలుసు. కానీ వచ్చేవాళ్ళు రెండు నిమిషాలకన్నా ఎక్కువ చూడరు. ఆ రెండు నిమిషాల్లో ఏనుగు లేవాలి."

"లేపుతుందండీ. తొందర పెట్టకపోతే లేపుతుంది."

"తొందర పెట్టం. సాయం చేద్దాం." మేడమ్ సొరుగు తీసి చిన్న నల్లటి వస్తువొకటి బల్లమీద పెట్టింది. కారు తాళంచెవికి వేలాడేలాంటిది. మధ్యలో ఒక బొత్తాం. "పాప పక్కన మీరెలాగూ ఉంటారు. శాలువా కప్పుకుంటారు. టీచర్ ‘నొక్కు తల్లీ’ అనగానే మీరు ఇది నొక్కండి. ఏనుగు లేస్తుంది. పాపకి చప్పట్లు పడతాయి. దానికీ ఉత్సాహం వస్తుంది కదా?"

అమ్మమ్మ ఆ వస్తువుని ముట్టుకోలేదు. "అది నొక్కకపోయినా నొక్కినట్టు చూపిస్తే... అబద్ధం కాదాండీ?"

"నడక నేర్పేటప్పుడు వేలు పట్టుకోమా? అదీ అబద్ధమేనా?" మేడమ్ అమ్మమ్మ మోచెయ్యి పట్టుకుంది. "మీ ఒక్కరికే చెప్తున్నాను. మీమీద నమ్మకంతో. లేకపోతే నిజం చెప్పాలంటే, బయట ఎంతమంది ఎదురు చూస్తున్నారో మీకు తెలుసు. ఏ కుర్చీ ఎవరికి ఇవ్వాలా అని నాకు నిద్ర పట్టదు."

అంత మెత్తగా అంది. మెత్తని కత్తి ఎముకదాకా దిగిందని బయటికొచ్చాకగాని అమ్మమ్మకి తెలియలేదు. అప్పటికే ఆ నల్లటి వస్తువు ఆవిడ శాలువా మడతలో ఉంది.

* * *

ఆ పూటే మొదటిసారి నొక్కింది. "నొక్కు తల్లీ!" అని టీచర్ అనడం, ఏనుగు తొండం లేవడం ఒక్కసారే అయ్యాయి. వీడియో అతను చప్పట్లు కొట్టాడు. దొరసాని పిడికిలి ఇంకా పలక మీదే ఉంది. ఏనుగుని చూసి ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. అనుకోకుండా వచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు నవ్వింది.

‘పోనీలే, నవ్వింది కదా,’ అనుకుంది అమ్మమ్మ.

వీడియోలో పిల్ల మొహం, వెంటనే ఏనుగు, వెంటనే చప్పట్లు. సాయంత్రానికల్లా అది కూతురి ఫోనుకి వెళ్ళింది. కూతురు ఫ్యాక్టరీనుంచి మెట్లెక్కి వస్తూనే ఫోను చెవిదగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింటోంది, ఏనుగు అరుపుని. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి, పిల్ల కుర్చీ ముందు కూలబడి, ఇస్త్రీ పెట్టె సెగకి కమిలిన చేతుల్తో దాని రెండు చెంపలూ పట్టుకుంది.

"ఎంత త్వరగా నొక్కావే తల్లీ! అంటే అర్థమవుతోంది నీకు. చెప్పగానే అర్థమవుతోంది!" ఏడుస్తోంది, నవ్వుతోంది. "అమ్మా, చూశావా? టీచర్ అనీ అనగానే! మా సూపర్‌వైజరక్కకి చూపించాను, ఆవిడా కళ్ళు తుడుచుకుంది. నేనే పిచ్చిదాన్ని, దీనికి ఇంతే అనుకున్నాను."

అమ్మమ్మ నోరు తెరిచింది. "అదీ... ఆ ఏనుగు..."

"ఏంటమ్మా?"

"ఏం లేదు. కాళ్ళు కడుక్కో, తిందువుగాని."

కూతురి మొహంలో అంత వెలుగు చూసి ఏ జన్మ అయిందో! దాన్ని ఊదేయడానికి ఆవిడకి ఊపిరి చాలలేదు.

* * *

బుధవారం రిహార్సల్‌లో చిన్న గొడవ అయింది. టీచర్ నొక్కమంది, అమ్మమ్మ నొక్కింది, ఏనుగు లేచింది. అందరూ చప్పట్లు కొట్టేశారు. పెద్ద మేడమ్ మైకు పట్టుకుని తన ప్రసంగం మొదలుపెట్టింది. ఆ ప్రసంగం మధ్యలో, తీరిగ్గా, దొరసాని పిడికిలి వచ్చి ఎర్ర బొత్తాం మీద పడింది. ఏనుగు ఘీంకరించింది. అందరూ ఫక్కున నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది, కాని కళ్ళు టీచర్ వైపు తిరిగాయి.

గురువారం అమ్మమ్మ కుడుతున్న బొత్తాం ఒకటి చేతిలోంచి జారి బల్లకిందికి దొర్లింది. మోకాళ్ళ మీద వంగి వెతుకుతుంటే ఎర్ర బొత్తాం తీగ కనిపించింది. దాని చివర ఏనుగు లేదు. ఏమీ లేదు. తీగ ఊరికే గాలిలో వేలాడుతోంది.

"ఏమ్మా టీచరూ, ఇది ఊడిపోయింది."

టీచర్ పుస్తకాలు సర్దుతూ ఇటు తిరగలేదు. "ఊడలేదండీ. తీసేయమన్నారు. శనివారం దాకా."

"మరి పిల్ల నొక్కితే?"

టీచర్ చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మమ్మ లేచి చూసింది. దొరసాని నొక్కుతోంది. భుజం కదిలింది, మెడ వాలింది, పిడికిలి లేచింది, పడింది. ఏనుగు కదల్లేదు. పిల్ల ఎదురుచూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. చెమట పట్టి నుదుటికి జుట్టు అంటుకుంది. పిడికిలి పడింది. ఏమీ లేదు. అంతలో రిహార్సల్ కానివ్వమని ఎవరో తొందర పెడితే టీచర్ గబగబా "నొక్కు తల్లీ" అంది, అమ్మమ్మ వేలు అలవాటుగా నొక్కేసింది, ఏనుగు దానంతటదే లేచి అరిచింది.

దొరసాని ఏనుగుని చూడలేదు. ఈసారి ఉలిక్కిపడలేదు, నవ్వలేదు. మెల్లగా తలతిప్పి అమ్మమ్మ శాలువాని చూసింది. సరిగ్గా చెయ్యి ఉన్నచోటే. తర్వాత కళ్ళు దించుకుంది. పిడికిలిని పలక మీదనుంచి ఒళ్ళోకి జార్చుకుంది.

ఆ పూటంతా మళ్ళీ ఎత్తలేదు.

* * *

ఇంట్లో దొరసానికి ఒక చిలక ఉంది. రంగు వెలిసిన ప్లాస్టిక్ చిలక. దానికీ ఒక తీగ, తీగకి పసుపు బొత్తాం. నొక్కితే చిలక "ఎవరక్కడ!" అని అరుస్తుంది. గొంతు కూతురిది, సరదాకి రికార్డు చేసింది. ఈగ వాలినా ఎవరక్కడ, దాహం వేసినా ఎవరక్కడ, ఏమీ తోచకపోయినా ఎవరక్కడ. "చంపుతోందే బాబూ నీ చిలక," అని తిట్టుకుంటూ అమ్మమ్మ వంటింట్లోంచి పరిగెత్తేది.

శుక్రవారం పొద్దున ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దాన్ని అమ్మమ్మ గమనించలేదు. కష్టం వచ్చేటప్పుడు కబురు పెట్టి వస్తుందా? బట్టలు ఉతికి, బకెట్టు పట్టుకుని మేడమీదికి వెళ్ళింది. పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పిడికిలి పసుపు బొత్తాం మీద పెట్టి, "పిలువు, వచ్చేస్తా," అనే వెళ్ళింది. మేడమీద గాలి బాగా వీస్తోంది. దుప్పటి తాడుకి చుట్టుకుపోతే విప్పి మళ్ళీ ఆరేసింది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. చిలక అరిస్తే వినపడుతుంది. అరవలేదు గనక ఏమీ లేదనుకుంది.

కిందికొచ్చేసరికి పిల్ల కుర్చీలో కిందికి జారిపోయి ఉంది. నడుం పట్టీ చంకలదాకా వచ్చింది. చొంగ తుడవడానికి మెడకి కట్టిన గుడ్డ ముడతలు పడి ఎగదన్ని ముక్కునీ నోటినీ కప్పేసింది. తడిగుడ్డ అది. ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి అంటుకుంటోంది, వదిలినప్పుడు పైకి లేస్తోంది. గుడ్డ పైన కళ్ళు తెరిచే ఉన్నాయి. కప్పు వైపు చూస్తున్నాయి. ఎవరికోసమూ చూడని కళ్ళు అవి.

పిడికిలి పసుపు బొత్తాం మీదే ఉంది. పెట్టినచోటే.

బకెట్టు ఎక్కడ పడేసిందో అమ్మమ్మకి తెలియదు. గుడ్డ లాగేసి, పట్టీ విప్పి, పిల్లని ఎత్తి భుజాన వేసుకుంది. పెదాల నీలం వదిలేదాకా వీపు రాస్తూనే ఉంది. "ఎందుకు పిలవలేదే? చెయ్యి దానిమీదే ఉంది కదే! ఒక్కసారి నొక్కితే వచ్చేదాన్ని కదే నా తల్లీ!" పిల్ల ఆవిడ మెడమీద వెచ్చగా ఊపిరి వదిలింది.

పిల్లకి చేతకాక కాదు. నొక్కితే ఏమీ జరగదని తెలుసుకుంది. ఏదైనా జరిగితే అది ఇంకెవరో జరిపిస్తేనే. అదీ పాఠం. వారంలో నేర్పారు. నేర్పిన చెయ్యి తనదే.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ పెద్ద మేడమ్ బల్లమీద ఆ నల్లటి వస్తువుని తిరిగి పెట్టేసింది. "నావల్ల కాదండీ. పిల్ల పాడైపోతోంది," అని జరిగింది చెప్పింది.

మేడమ్ అంతా విన్నది. మధ్యలో ఒకసారి "అయ్యో" అంది. మంచినీళ్ళు తెప్పించింది. ఆ తర్వాత అంది: "మీ అమ్మాయి పొద్దున ఫోన్ చేసింది. రేపు సెలవు పెట్టిందట. వాళ్ళ సూపర్‌వైజర్‌ని కూడా తీసుకొస్తుందట. ఎంత సంతోషంగా ఉందో! మరి ఆ అమ్మాయికి... ఆ వీడియో నిజం కాదని మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఫ్యాను తిరుగుతోంది. గోడమీద పిల్లలు నవ్వుతున్నారు.

"రేపొక్కరోజు," అంది మేడమ్, నల్లటి వస్తువుని అమ్మమ్మ వైపు వేలితో మెల్లగా జరుపుతూ. "తర్వాత మీ ఇష్టం."

* * *

హాల్లో ముందువరసలో మెత్తటి కుర్చీలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. కూతురు రెండో వరసలో కూర్చుంది. సూపర్‌వైజరక్క చెవిలో ఏదో చెప్తోంది, స్టేజీ పక్కకి చెయ్యి చూపిస్తోంది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. రాత్రి పిల్లకి తలంటి, పొద్దున్నే లేచి జడలు వేసింది కూడా తనే. "భయపడకు, చెప్పగానే నొక్కు, రోజూ నొక్కినట్టే," అని జడ వేస్తున్నంతసేపూ చెవిలో చెప్తూనే ఉంది. వింటూ అమ్మమ్మ స్టవ్ తుడిచింది, తుడిచిన స్టవ్‌నే మళ్ళీ తుడిచింది.

దొరసానిదే మొదటి వంతు. కుర్చీని స్టేజీ మధ్యకి తోశారు. ఏనుగుకి కొత్త రిబ్బను కట్టారు. ఎర్ర బొత్తాం తీగని బల్లగుడ్డ కిందికి నీటుగా దోపారు. అమ్మమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. శాలువా కింద అరచేతిలో మళ్ళీ ఆ నల్లటి వస్తువు ఉంది.

"మా దగ్గరికి వచ్చినప్పుడు ఈ పాప ఎవరి మాటా వినిపించుకునేది కాదు," అని మేడమ్ మైకులో చెప్తోంది. అది అబద్ధం. దొరసాని ఎప్పుడూ అందరి మాటలూ వింటుంది, తనకి అక్కర్లేనివి కూడా. "ఇప్పుడు చూడండి."

"నొక్కు తల్లీ," అంది టీచర్. గొంతు పీలగా వచ్చింది.

అమ్మమ్మ నొక్కింది. ఏం ఆలోచించి నొక్కిందంటే ఏమీ ఆలోచించలేదు. రెండో వరసలో కూతురి మొహం కనిపించింది, వేలు నొక్కేసింది. ఏనుగు తొండం ఎత్తి ఘీంకరించింది. హాలంతా చప్పట్లు. కూతురు లేచి నిలబడింది.

ఆ చప్పట్లలో దొరసాని తల తిప్పడం మొదలుపెట్టింది. ఏనుగు వైపు కాదు. ఇటు. మెడ నరాలు బిగుసుకున్నాయి, గడ్డం వణికింది, అంగుళం అంగుళం చొప్పున తిరిగింది. చప్పట్లు ఆగిపోయాక కూడా తిరుగుతూనే ఉంది. వచ్చి, అమ్మమ్మ శాలువా మీద ఆగింది. చెయ్యి ఉన్నచోట. అక్కడే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మమ్మని చూసి మురిసిపోతోంది!" అంది మేడమ్. ముందువరస ముద్దుగా నవ్వింది. కూతురు నవ్వలేదు. పిల్ల చూపు ఎక్కడికి వెళ్ళిందో తనూ అక్కడికే చూసింది. కన్నతల్లి కదా, ఆ చూపులు చదవడం తనకి మాత్రం రాదా? నిలబడినది నిలబడినట్టే ఉండిపోయింది.

"ఇంకోసారి నొక్కు తల్లీ."

అమ్మమ్మ వేలు కదల్లేదు.

"నొక్కు తల్లీ," అంది టీచర్ మళ్ళీ, ఈసారి అమ్మమ్మ వైపు చూసి.

అమ్మమ్మ శాలువాలోంచి చెయ్యి బయటికి తీసింది. ఆ నల్లటి వస్తువుని తెచ్చి పిల్ల ముందు పలక మీద, ఎర్ర బొత్తాం పక్కన పెట్టింది. "ఇదిగోనే దొరసానీ. ఇదే. ఇకనుంచి నువ్వే నొక్కు," అంది. అందరికీ వినపడేట్టు అనాలనుకోలేదు గానీ మైకు దగ్గర్లోనే ఉంది.

దొరసాని దానివంక చూసింది. భుజం కదిలింది. మెడ వాలింది. నోరు తెరుచుకుంది. పిడికిలి లేచి, తచ్చాడి, దిగింది. నల్లటి దాని మీద కాదు, దాని పక్కన. దిగి, పలక మీద ఈడ్చుకుంటూ వచ్చి, దాన్ని అంచుదాకా నెట్టి, కింద పడేసింది. మూత ఊడింది. బ్యాటరీ స్టేజీ మీదనుంచి దొర్లుకుంటూ కింద పడి, వరుసల మధ్యకి పోయింది.

పిడికిలి తీరిగ్గా వెనక్కి వచ్చింది. ఎర్ర బొత్తాం మీద పడింది. తనదాని మీద.

ఏనుగు కదల్లేదు.

మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. ఏనుగు కదల్లేదు. అమ్మమ్మ మోకాళ్ళ మీద పడి బల్లగుడ్డ ఎత్తి తీగ కొసని పట్టుకుంది. ఏనుగు కింద రంధ్రం ఎక్కడుందో చేతులకి దొరకలేదు. "కాసేపు ఆగండి, ఒక్క నిమిషం ఆగండి బాబూ," అంటూ ఉంది. కూతురు అప్పటికే స్టేజీ మెట్లెక్కి వచ్చింది. వేలాడే తీగని చూసింది. తల్లి చేతుల్ని చూసింది.

"నరాల బిగువు. ఇలాంటి పిల్లలకి సహజమే," అంది మేడమ్ మైకులో, చక్కగా, తడబడకుండా. ఇద్దరు వచ్చి కుర్చీని పక్కకి లాగేశారు. దొరసాని పిడికిలి ఇంకా పైకి లేచే ఉంది.

తెర పక్క చీకట్లో నిలబడి అమ్మమ్మ చూసింది. తర్వాతి వంతు లారీ డ్రైవర్ కొడుకుది. కళ్ళజోడు పిల్లాడు, డప్పు వాయించే ఎలుగుబంటి వాడిది. డ్రైవర్ వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఎదురుగా వరసలో, తమ పిల్లల వంతుకోసం కూర్చున్నవాళ్ళలో కవలల తల్లి చెయ్యి సంచీలో ఉంది. ఆ పక్కన ఇంకో పిల్లాడి తాతగారి చెయ్యి మడిచిన కోటు కింద. అందరూ తిన్నగా ముందుకే చూస్తున్నారు. ఎవరి మొహంలోకి ఎవరూ చూడటం లేదు.

‘మీ ఒక్కరికే చెప్తున్నాను,’ అంది కదూ మేడమ్!

డ్రైవర్ స్టేజీ అంచున పడిన ఆ మూత ముక్కని చూస్తున్నాడు. తర్వాత తలెత్తి, తెర పక్కనున్న అమ్మమ్మని చూశాడు. టీచర్ నొక్కమంది. డ్రైవర్ జేబులోంచి చెయ్యి తీసి, వేళ్ళు విదిలించి, కొడుకు తలమీద పెట్టాడు. ఎలుగుబంటి డప్పు ఎత్తినది ఎత్తినట్టే నిలబడింది.

"కరెంటు సమస్య," అంది మేడమ్.

"బ్యాటరీ బొమ్మకి కరెంటేంటండీ?" అన్నారెవరో ముందువరసలోంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు. సంచీలో ఉన్న కవలల తల్లి చెయ్యి మెల్లగా బయటికొచ్చింది.

* * *

ఇంటికొచ్చాక కూతురు పిల్లని పడుకోబెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎన్నిసార్లు?"

"అన్నిసార్లూ."

"ఆ వీడియోలో కూడా?"

అమ్మమ్మ తలూపింది. తర్వాత గుడ్డ సంగతీ చెప్పింది. మేడమీదికి వెళ్ళిన సంగతి, పిల్ల పిలవని సంగతి. దాచడానికి ఇంక ఏం మిగిలింది?

కూతురు గోడకి చేరబడిపోయింది. "వాళ్ళంటే పరాయివాళ్ళు. నువ్వెలా చేశావమ్మా?"

"నీ మొహం చూసి."

"నా మొహం మీదికి నెట్టకు." గొంతు పెద్దది చేయలేదు. "దానికి చేతకాదని నేను నమ్మినా బతికేదాన్ని. దాని చేతిలో ఉన్నది లాక్కుని, నాకు బహుమానం చేసి ఇచ్చావు."

ఆదివారం ఇద్దరూ ఒకే ఇంట్లో ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. సోమవారం పొద్దున కేంద్రంనుంచి ఫోనొచ్చింది. మేడమే మాట్లాడింది, ఎప్పటిలాగే మెత్తగా. అక్కడ దొరసానికిచ్చిన కుర్చీని వేరే పాపకి ఇచ్చారట, సంచీ గేటు దగ్గర పెట్టించారట, వీలున్నప్పుడు తీసుకెళ్ళమంది. కూతురు "సరేనండీ" అని పెట్టేసి, చెప్పులు వేసుకుంటూ, రెండు రోజుల తర్వాత మొదటిసారి తల్లితో మాట్లాడింది.

"దానిముందు చేతులు దాచకు."

అంతే అని వెళ్ళిపోయింది.

అమ్మమ్మ స్టూలు తెచ్చుకుని పిల్ల ఎదురుగా కూర్చుంది. పసుపు బొత్తాన్ని పలక మీద పెట్టి, తీగని చిలకదాకా పిల్ల కంటిముందే వేలితో రాసి చూపించింది. "ఇదిగో, ఇక్కడ మొదలు. ఇదిగో, ఇలా వచ్చింది. ఇదిగో, ఇక్కడ చేరింది. మధ్యలో నేను లేను." పిల్ల వినలేదు. అమ్మమ్మ చేతుల్నే చూస్తోంది. అమ్మమ్మ చొక్కా తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. చొక్కా కింద చెయ్యి మాయమైనప్పుడల్లా పిల్ల మొహం మూసుకుపోతోంది. అది గమనించి చొక్కా అవతల పెట్టేసింది. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. పనిలేకుండా అలా కూర్చోవడం ఆవిడకి జన్మలో అలవాటు లేదు. వేళ్ళు వాటంతటవే ఏదో వెతుక్కుంటుంటే మందలించి ఆపింది.

ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడూ ఏమీ జరగలేదు. నీళ్ళు కావాలేమో, పక్క నొప్పేమో, అన్నీ తనే ఊహించి చేసింది. ఒక్కసారి మాత్రం పిల్ల చూపు అరచేతులనుంచి బొత్తాం మీదికి వెళ్ళి, ఏదో లెక్క చూసుకున్నట్టు చూసుకుని, వెనక్కి వచ్చేసింది.

బుధవారం సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. అమ్మమ్మకి కునుకు పట్టింది. కునుకులో తల వాలిపోయింది గానీ చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"ఎవరక్కడ!"

అమ్మమ్మ ఉలిక్కిపడి లేచింది. పిల్ల పిడికిలి పసుపు బొత్తాం మీద ఉంది. కళ్ళు చిలక మీద కాదు, అమ్మమ్మ మీద ఉన్నాయి.

"నేనే. ఇక్కడే ఉన్నా. ఏం కావాలి తల్లీ? నీళ్ళా?" కాదు. "కాలు తిమ్మిరా?" కాదు. "మరి?"

ఏమీ అక్కర్లేదు. అది ఆ మొహం చూస్తేనే తెలిసిపోతోంది. అమ్మమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పిల్ల నడుం పట్టీ బిగించింది, మెడ గుడ్డ విప్పి తీసేసింది. తర్వాత లేచి, చేతులు రెండూ కనపడేట్టు ఎడంగా పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. గోడ చాటున నిలబడింది. తొంగిచూడాలని ప్రాణం పీకుతోంది. చూడలేదు. సూదీ దారం, సూదీ దారం అనుకుంటూ గోడకి నుదురు ఆనించి నిలబడింది.

చాలాసేపు ఏమీ వినపడలేదు.

"ఎవరక్కడ!"

"వస్తున్నా!" అంది, కదలకుండానే.

"ఎవరక్కడ! ... ఎవరక్కడ!"

పక్కింటివాళ్ళు గోడమీద గట్టిగా కొట్టారు. అమ్మమ్మ పలకలేదు. కొట్టుకోనీ అనుకుంది, పిల్లని ఇంకోసారి అరిపించనీ అనుకుంది. చిలక మళ్ళీ అరిచింది. బయట మెట్ల మీద, పనినుంచి వస్తున్న కూతురి అడుగుల చప్పుడు సగంలో ఆగిపోయింది.